ఒకటింబావు కాపీ

కాపీ లేవడం లేదు.

వెర్నెల్ డూప్రే మళ్ళీ కీ నొక్కుతుంది. తెర మీద మళ్ళీ అదే ఎర్రగీత.

"ఇంకెంతసేపు?" వెనకనుంచి డిప్యూటీ క్లోవిస్ ఆర్సెనో.

"నా మెడ మీద ఊపిరి వదలకుండా ఉంటే తొందరగా అవుద్ది."

అతను వెనక్కి జరుగుతాడు. ఒక్క అడుగే.

సాయంత్రం ఆరూ ఇరవై. తీరంలోని బెల్‌మోర్ జైలు మధ్యాహ్నమే తుఫానులో మునిగింది. దాని సర్వర్ కూడా. మిగిలినవల్లా ఇక్కడి కాపీలే... ఉత్తరాన రస్టన్‌లో, ఈ బ్యాకప్ సెంటర్‌లో, పదిహేను నిమిషాలకొకటి చొప్పున లైన్ మీద వచ్చి చేరినవి.

ఏడింటికల్లా రాష్ట్రం వాళ్ళకు ఖైదీల లెక్క అందాలి. బస్సుల్లో రస్టన్ చేరినవాళ్ళు రెండు వందల ఎనిమిది మంది. రికార్డులోనూ అంతే ఉంటే జైలు దగ్గర తిరుగుతున్న పడవలు వెనక్కి వచ్చేస్తాయి.

ఆఖరి కాపీ ఒకటిన్నరది. అది తెరుచుకోదు. డేటా ఒక క్షణంలో, మార్పుల చిట్టా అయిన లాగ్ మరో క్షణంలో కాపీ అయ్యాయి. రెంటికీ పొసగడం లేదు.

దాని ముందుది ఎక్కిస్తుంది. ఒకటింబావు కాపీ.

ఎర్రగీత పచ్చబడుతుంది. డేటాబేస్ లేస్తుంది. సగంలో ఆగిన పనుల్ని తనే సర్దుకుంటుంది.

ఖైదీలు: 212.

ఆమె వేళ్ళు ఆగిపోతాయి.

ఆర్సెనో ఫోన్ మోగుతుంది. అతను తలుపు దగ్గరికి నడుస్తాడు. "ఆఁ, కెప్టెన్. లేచింది కెప్టెన్. మీరు వచ్చెయ్యండి."

వెర్నెల్ ఒకటిన్నర కాపీలోని లాగ్ తెరుస్తుంది. ఒకటింబావు తర్వాత ఆ రికార్డుల్లో జరిగిన ప్రతి మార్పూ అందులో ఉంది. ఒక్కొక్కటే ముందుకు నడిపిస్తుంది.

ఒకటీ పదిహేడు. ఏమీ లేదు.

ఒకటీ ఇరవై. ఏమీ లేదు.

ఒకటీ ఇరవై రెండు...

నాలుగు పేర్లు. ఒకదాని వెనక ఒకటి. తొలగించబడ్డాయి.

సీ వింగ్, తొమ్మిదో సెల్. నలుగురి పేర్ల పక్కనా ఒకే మాట: కెప్టెన్ ఖైదీల్ని కొట్టిన కేసులో సాక్షులు, సోమవారం కోర్టు.

తొలగించింది జైలు కెప్టెన్ ట్రాస్‌క్లేర్ లాగిన్. అప్పటికి బస్సులు బయల్దేరి నలభై నిమిషాలైంది.

అంటే ఆ నలుగురూ బస్సెక్కలేదు. ఆ సెల్‌కి తాళం వేసే ఉంది.

ఆమె చేతులు కదులుతాయి. ఒకటింబావు కాపీకి ఇంకో కాపీ... రాష్ట్రం ఆఫీసుకి. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని పడవల వాళ్ళకు నాలుగు మాటలు: సీ వింగ్. తొమ్మిదో సెల్. నలుగురున్నారు.

తలుపు తెరుచుకుంటుంది.

ట్రాస్‌క్లేర్ బూట్లు నేలంతా బురద చేస్తాయి. "ఏమ్మాయ్, నా లెక్క ఏదీ?"

అమ్మాయట. తనకు యాభై రెండేళ్ళు.

"రెండు వందల పన్నెండు, కెప్టెన్."

అతను తెర చూస్తాడు. నవ్వుతాడు. "పాత చెత్త అది. చెరిపెయ్."

"చెత్త కాదు. తెరుచుకున్నది ఇదొక్కటే."

"చెరిపెయ్యమన్నా."

"నేను చెరపను."

నవ్వు పోతుంది. తుపాకీ బయటికొస్తుంది. గోడవారన కాపీలున్న స్టోరేజ్ పెట్టె మీద మూడుసార్లు పేలుతుంది. దాని దీపాలు ఒకటొకటిగా ఆరిపోతాయి. కాలిన వైరు వాసన.

"ఇప్పుడు చెప్పు. ఎంతమంది?"

"రెండు వందల పన్నెండే. ఆ కాపీ రాష్ట్రం ఆఫీసులో కూడా ఉంది. ఇందాకే పంపించాను."

తుపాకీ ఆమె వైపు తిరుగుతుంది.

తెర మీద పేర్లు ఇంకా అలాగే ఉన్నాయి. ఆర్సెనో వాటి దగ్గరికి వస్తాడు. వంగి చూస్తాడు. పెదాలు కదులుతాయి. నాలుగో పేరు దగ్గర ఆగిపోతాయి.

ఎమిల్ ఆర్సెనో.

"కెప్టెన్..." అతని గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "మా తమ్ముణ్ణి మూడో బస్సెక్కించానన్నారు."

"ఎక్కించా. దార్లో ఆసుపత్రికి పంపా. నీళ్ళు తాగాడు, అంతే."

"ఏ ఆసుపత్రి?"

ట్రాస్‌క్లేర్ చూపు తలుపు వైపు పోతుంది.

ఆర్సెనో తుపాకీ ఎప్పుడు తీశాడో వెర్నెల్ చూడలేదు. అది కెప్టెన్ ఛాతీకి గురిగా ఉంది.

ఆమె ఒళ్ళో ఫోన్ వణుకుతుంది. స్పీకర్ నొక్కుతుంది. ఇంజన్ హోరు, నీళ్ళ చప్పుడు.

"మేడమ్, తొమ్మిదో సెల్ దొరికింది. నీళ్ళు పైబెర్త్ దాకా ఉన్నాయి. ఊచలు కోశాం. ముగ్గురు బతికే ఉన్నారు."

"నలుగురండీ. నలుగురుండాలి."

హోరు. హోరు... మళ్ళీ గొంతు.

"నాలుగోవాడు కింద నిలబడి ముగ్గుర్నీ భుజాల మీదకి ఎక్కించుకున్నాడంట. చాలాసేపు మోశాడంట. పేరు ఎమిల్ అంటున్నారు."



ట్రాస్‌క్లేర్ తుపాకీ దించుతాడు. రెండో చెయ్యి పైకెత్తుతాడు. "క్లోవిస్... విను. నువ్వూ యూనిఫామ్‌లో ఉన్నావు. నేను—"

ఆర్సెనో తుపాకీ పేలుతుంది.