కదలను

బంగారుపాళ్యం దాటాక ఉన్న పాత సుంకం బంగళా పేరెత్తితే బండివాళ్లకి గుండె జారేది. దీపాలు పెట్టే వేళ దాటిందంటే ఎడ్లు అక్కడ అడుగు వెయ్యవు... వాగులో దిగి చుట్టుతిరిగి పోవాల్సిందే. కప్పు ఎప్పుడో కూలింది. గోడల్లో మొలిచిన జువ్విచెట్టు రాళ్లన్నిటినీ వేళ్లతో వాటేసుకుని నిలబడి ఉంది.

ఆ బంగళాకి కాపలా ఉన్నవాడి పెండ్లాం సుబ్బులమ్మ. మొగుడు పోయాక, ఆ నేల కొన్న ఆసామి వచ్చి ఆమెని కదలమన్నాడు. ఆమె ద్వారబంధం పట్టుకుని "కదలను" అంది. మూడు రోజులు అదే మాట. నాలుగో రోజుకి మాటా లేదు, ప్రాణమూ లేదు. రాత్రిళ్లు ఆ దారిన పోయేవాళ్లకి లోపల్నుంచి ఇప్పటికీ ఆ మాటే వినిపిస్తుందని చెప్పుకునేవాళ్లు.

చిత్తూరులో ఫోటోలు తీసే ప్రేమానందం ఇవేవీ నమ్మలేదు. ఆదివారం చర్చి తప్పని మనిషి, దెయ్యాలంటే నవ్వేవాడు. ఆయన పిచ్చి వేరే. మనుషులు కట్టి వదిలేసినవాటిని చెట్టూ చేమా ఏం చేసుకున్నాయో ఫోటో తియ్యడం. పాడుబడ్డ సత్రం ఉందంటే పెళ్లిఫోటోలు కూడా వదులుకుని పోయేవాడు. గోడ చెట్టుని మోస్తోందా, చెట్టు గోడని మోస్తోందా... ఆ బంగళా చూసినప్పట్నుంచీ ఆయనకి అదే ధ్యాస.

ఆ ఆసామి మనవడు గంగాధరం. చెట్టు కొట్టేసి, ఆ రాళ్లతో మామిడితోటకి గోడ కట్టాలనుకున్నాడు. కూలోళ్లు భయపడి గొడ్డలి ఎత్తలేదు. అందుకని ప్రేమానందాన్ని పిలిపించాడు. పున్నమి రాత్రి ఫోటో తీస్తే, అక్కడ ఏమీ లేదని వాళ్లకి చూపిస్తానన్నాడు. కాదంటే పక్క ఊరోళ్లని దింపి చెట్టు కొట్టిస్తానన్నాడు. మోసం జరక్కుండా తన సేద్యగాడు చెంగయ్యని తోడు పంపాడు.

ప్రేమానందం తీసిన ఫోటోతోనే ఆ చెట్టు కూలుతుంది. తియ్యకపోతే చెట్టూ ఉండదు, దాని గుర్తూ ఉండదు. యుద్ధం రోజులు, సరుకు దొరకదు, చేతిలో ఉన్నది బొమ్మ పడే గాజు ప్లేటు ఒక్కటే. తిట్టుకుంటూనే వెళ్లాడు.

వెన్నెల్లో బొమ్మ పడాలంటే కెమెరా మూత రెండు గంటలు తీసి ఉంచాలి. ఆలోపు కదిలినవేవీ ప్లేటు మీద నిలవవు. చెంగయ్యకి అంతా చెప్పి, మూత మీద చెయ్యి వేశాడు... అలవాటు! కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లకీ చెప్పే మాట నోట్లోంచి వచ్చేసింది.

"కదలాకు."

గోడ లోపల్నుంచి... చాలా మెల్లగా—

"కదలను."

చెంగయ్య కంబళి ముసుగేసుకుని నేలకి అతుక్కుపోయాడు. ప్రేమానందానికీ ముచ్చెమటలు పోశాయి. అయినా మూత తీసేశాడు. ఈ చెట్టు పక్షాన నిలబడింది తనొక్కడే కాదన్నమాట, అనుకున్నాడు. ఈదురుగాలి రేగింది. రెండు గంటలూ ఉన్నచోటే నిలబడి, మూత పెట్టి, నోరు మెదపకుండా సామాన్లు సర్దుకున్నాడు.

రెండో రోజు ఆ ఫోటో చూసి కూలోళ్లు గొడ్డళ్లు కింద పెట్టేశారు. గాలికి ఊగిన ఆకులన్నీ పొగలా చెదిరిపోయాయి. వేళ్లూ రాళ్లూ స్పష్టంగా పడ్డాయి. వాటి నడుమ ద్వారబంధం పట్టుకుని ఒక ఆడమనిషి... ఆమె కొంగు అంచు కూడా చెదరలేదు.

గంగాధరం మొహం మాడ్చుకున్నాడు. ఆమెని చెరిపేసి ఇంకో ఫోటో ఇమ్మన్నాడు.

"చెరపను," అన్నాడు ప్రేమానందం. "అంత గాల్లో రెండు గంటలు నిలబడినాది. మీరు ఈ రాత్రికి ఆడ పది నిమిషాలు నిలబడండి, చెట్టు నేనే కొడతాను."

గంగాధరం పోలేదు. పక్క ఊరి కూలోళ్లూ ఆ ఫోటో సంగతి విని రామన్నారు.

బస్సు దాకా దిగబెట్టడానికి చెంగయ్య బండి కట్టాడు. తనూ ఒకసారి చిత్తూరులో ఫోటో దిగినవాడే. చాలాసేపు నసిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"సామీ... ఫోటో అయినాక 'అయిపాయ, ఇంక కదలొచ్చు' అంటారు గదా మీరు. ఆ రాత్రి అన్లేదే?"

ప్రేమానందం ఒళ్లు జలదరించింది. నిజమే, అనలేదు. అంటే ఆమె ఇంకా అక్కడ... అట్లాగే...

చెంగయ్య పగ్గాలు బిగించాడు. "బండి తిప్పేదా? పోయి చెప్పొస్తారా?"

ప్రేమానందం ఒక్క క్షణం బంగళా వైపు చూశాడు.

"కదలమని ఆమెకి ఒకసారి చెప్పినారు గదప్పా," అన్నాడు. "నేను చెప్పను."