ఆఖరి ముక్క

ఆదివారం పొద్దున్నే కర్ట్ ఆర్వీ కింద, అంటే మంచాలూ పొయ్యీ అమర్చిన ప్రయాణాల బండి కింద, వెల్లకిలా పడుకున్నాడు. చలికాలంలో గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టకుండా పోసిన గులాబీరంగు మందును కడిగి వదిలేస్తున్నాడు. వంటింట్లో అతని తల్లి ఆర్డిస్, భార్య మారిసోల్ కాఫీ తాగుతున్నారు. బల్ల మీద, రూబార్బ్ అనే పుల్లటి కాడలు వేసి చేసిన కేకు పళ్ళెంలో ఒక్క ముక్క మిగిలింది. మా మిన్నెసోటాలో ఆఖరి ముక్క ఎవరూ తినరు. ఒకరు సగం కోసుకుంటారు, తర్వాత వచ్చినవాళ్ళు ఆ సగంలో సగం. సాయంత్రానికి చీమకు పెట్టేంత మిగులుతుంది గానీ పళ్ళెం మాత్రం ఖాళీ అవదు. మారిసోల్ టెక్సస్ పిల్ల. ముక్క తీసి నోట్లో వేసుకుని పళ్ళెం కడిగేసింది.

"శుక్రవారం బయల్దేరుతున్నాం అత్తయ్యా. బ్యాడ్‌లాండ్స్ పార్కు లోపలే బండి పెట్టుకోడానికి చోటు దొరికింది. మీరూ రాకూడదూ?"

ఆర్డిస్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆమె బతుకంతా పాడి ఆవులతోనే గడిచింది. ఆవులకి సెలవులుండవు, రెండు పూటలా పితకాల్సిందే. కొట్టంలో గోడకి పాల సంఘం వాళ్ళ పాత క్యాలెండరు వేలాడేది, దాని మీద ఆ పార్కులోని చారల కొండలు. "వచ్చే ఏడు తప్పకుండా వెళ్దాం" అని ఏటా అనేవాడు భర్త వెర్లిన్. ఆయన పోయాడు, ఆవుల్ని అమ్మేశారు. ఇప్పుడు ఆమె కళ్ళ వంతు వచ్చింది. చూపు నడిమధ్యలో మసక పెరుగుతోందనీ, చూడాలనుకున్నవి ఈ వేసవిలోనే చూసేయమనీ డాక్టరు చెప్పాడు. ఇంట్లో అడిగితే మాత్రం "ఫరవాలేదట" అని ఊరుకుంది.

"అబ్బే, నేనెందుకమ్మా! మీరు వెళ్ళి రండి," అంది ఆర్డిస్.

మా వైపు ఎవరైనా అనే మాటే అది. పిలవగానే గంతేస్తే ఎంత ఆబో అనుకుంటారని భయం. మొదటిసారి వద్దనాలి, రెండోసారి నసగాలి, మూడోసారి "సరే, ఇంతగా అంటున్నారు కాబట్టి" అనాలి. మొహమాటానికి పోయి పస్తులున్న జాతి మాది.

"సరే అత్తయ్యా, మీ ఇష్టం," అని మారిసోల్ లేచి వెళ్ళిపోయింది.

రెండో పిలుపు కోసం ఆర్డిస్ ఎదురుచూసింది. బండి కిటికీలకి తెరలు కుట్టింది. ఎగుడుదిగుడు నేల మీద చక్రాల కింద పెట్టే చెక్కలు వెతికి తెచ్చింది. రూబార్బ్ కేకులు కాల్చి డబ్బాల్లో సర్దింది. ఓ రోజు ఉండబట్టలేక, "బండిలో ఆ బల్ల మడిస్తే ఇంకో మంచం అవుతుంది కదూ?" అనడిగింది.

"అవునత్తయ్యా. పెప్పర్‌కి సరిగ్గా సరిపోతుంది."

పెప్పర్ అంటే కుక్క. ఆర్డిస్ గిన్నెలు తోమడానికి వెళ్ళింది. ఆ గిన్నెల చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

"మీ అమ్మకి నేనంటే అస్సలు పడదు. ఈ మధ్య నాతో మాట్లాడేటప్పుడు మొహం పక్కకి తిప్పేసుకుంటోంది, చూశావా?" అంది మారిసోల్ మొగుడితో.

"అమ్మ అంతేలే," అన్నాడు కర్ట్. గొడవ వాసన తగిలితే గోడ దూకే రకం అతను.

గురువారం మధ్యాహ్నం మారిసోల్ బండిలో సామాన్లు సర్దుతూ, కూర్చునే బల్ల మూత ఎత్తింది. లోపల పాత నీలం పెట్టె. అందులో ఊలు స్వెటరు, ఎండ టోపీ, వెర్లిన్ వాడిన దుర్భిణి, చుట్ట చుట్టిన ఓ క్యాలెండరు కాగితం. ఆమె పెట్టె పట్టుకుని నేరుగా వంటింట్లోకి వచ్చింది.

"ఏంటత్తయ్యా ఇది?"

ఆర్డిస్ మొహం కందిపోయింది. "ఏం లేదమ్మా. తీసేద్దామనుకుంటూనే మర్చిపోయా."

"మీరు రానన్నారనేగా, మీ చెల్లెలు లోర్నా గారిని మిమ్మల్ని చూసుకోమని నేను అడిగింది!"

"తెలుసు, అది ఫోన్ చేసింది. నన్ను వాళ్ళింట్లో దింపేస్తారట. నా మంచం కుక్కకిచ్చారు. ఫరవాలేదులే, పెప్పర్ మంచి కుక్క."

"వస్తానని ఒక్క మాట అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"నువ్వు ఒక్కసారే అడిగావు!"

"మరి ఎన్నిసార్లు అడగాలి?"

"మూడు," అన్నాడు కర్ట్ గుమ్మంలోంచి, చేతులు తుడుచుకుంటూ.

మారిసోల్ అతని వైపు తిరిగింది. "ఈ ముక్క పెళ్ళినాడే చెప్పి ఏడవచ్చుగా!" మళ్ళీ అత్తగారి వైపు తిరిగింది. "మూడు కాదు, ముప్పైసార్లయినా అడిగేదాన్ని. కానీ మీరు నా మొహం కూడా చూడరే! గోడతో మాట్లాడినట్టు పక్కకి తిప్పుకుంటారు. నేనేం తప్పు చేశాను?"

ఆర్డిస్ మెల్లగా కుర్చీలో కూలబడింది.

"అయ్యో పిచ్చిపిల్లా! నేరుగా చూస్తే నీ మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ కనిపిస్తుంది. తల పక్కకి తిప్పితే, చూపు అంచున నువ్వు కనిపిస్తావు. నిన్ను చూడ్డానికేనే నేను తిప్పుకునేది."

కర్ట్ చేతిలో గుడ్డ కింద పడింది. "డాక్టరు ఫరవాలేదన్నాడన్నావు కదమ్మా!"

"ఆయన అనలేదురా, నేనన్నాను. మిమ్మల్ని బెంగపెట్టడమెందుకని. ఈ వేసవి దాటితే ఆ కొండలు కనిపిస్తాయో లేదో."

మారిసోల్ ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, రెండు చేతులూ పట్టుకుంది.

"మాతో వస్తారా అత్తయ్యా?"

"వద్దులేమ్మా, మీకు ఇరుకు."

"అది రెండోది. ఇది మూడోసారి. వస్తారా?"

ఆర్డిస్ కన్నీళ్ళలోంచి నవ్వింది. "సరే, ఇంతగా అంటున్నావు కాబట్టి."

మర్నాడు ముందు సీటు ఆర్డిస్‌ది. పెద్ద అద్దం నిండా గడ్డిమైదానం పరుగెడుతుంటే ఆమె తల అటూ ఇటూ తిప్పుతూ దారంతా చూసింది. ఆ రాత్రి బల్ల మంచం ఆమెకే. పెప్పర్ కర్ట్ కాళ్ళ మీద పడుకుంది. పాపం, దాన్ని ఎవరూ ఒక్కసారీ అడగలేదు.

తెల్లవారగానే చారల కొండల ముందు దుప్పటి పరుచుకుని కూర్చున్నారు. ఎర్రటి చార, పసుపు చార, అన్నీ క్యాలెండరులో ఉన్నట్టే. దూరంగా అడవిదున్న ఒకటి తీరిగ్గా గడ్డి మేస్తోంది. దాన్ని ఎవరూ పితకక్కర్లేదు కదా అని ఆర్డిస్ నవ్వుకుంది. ఇన్నేళ్ళూ ఇల్లు నడిపిన ఆవులకీ, ఏటా ఆశ పెట్టిన వెర్లిన్‌కీ మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

పళ్ళెంలో కేకు ఒక్క ముక్క మిగిలింది. అలవాటు కొద్దీ కర్ట్ సగం కోయబోయాడు. మారిసోల్ అతని చెయ్యి పట్టుకుంది.

"తింటారా అత్తయ్యా?"

"ఆ, ఇలా తే," అంది ఆర్డిస్. ఒక్క పిలుపుకే. ముక్క మొత్తం తిని, వేళ్ళు కూడా నాకింది. తర్వాత కొండలకి వీపు పెట్టి తిరిగి, తల కొంచెం పక్కకి వాల్చి కూర్చుంది.

"కొండలు అటున్నాయి అత్తయ్యా."

"చూశానమ్మా, నీ పుణ్యమా అని కళ్ళారా చూశాను. ఇప్పుడు నిన్ను చూస్తున్నా."