ముప్పై ఆరు ఫోటోల రీలు

సృజన టీచర్‌తో నా మొదటి మాటే కొట్లాట.

మందమర్రిలో మాది ఫోటో స్టూడియో. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, పాస్‌పోర్టు ఫోటోలు, ఏదొచ్చినా కాదనం. మా కాలనీ వెనక హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు శనివారాలు ఫోటోగ్రఫీ నేర్పుతున్నారు, డిజిటల్ కెమెరా సంగతులు నన్ను వచ్చి చెప్పమని హెడ్మాస్టర్ కబురు పెట్టారు. రీలు కెమెరా గురించి ఫిజికల్ సైన్స్ టీచర్ సృజన చెబుతుందట. ఈ రోజుల్లో రీలేమిటని నవ్వుకుంటూ వెళ్లాను.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. పదిహేను మంది పిల్లల ముందు నా తెలివంతా ఒలకబోసి, రీలుతో ఫోటోలు నేర్పడమంటే ఎడ్లబండి మీద కారు డ్రైవింగ్ నేర్పడమే అన్నాను. పిల్లలు పగలబడి నవ్వారు. సృజన టీచర్ చాక్‌పీసు కింద పెట్టి, నింపాదిగా చేతులు దులుపుకుని, నా వైపు తిరిగింది.

"మొన్న పెండ్లిల ఎన్ని ఫోటోలు తీసిండ్రు?"

"నాలుగు వేల దాక."

"అండ్ల ఎన్ని యాదికున్నయి?"

పెళ్లికూతురి మొహం గుర్తుతెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఏ రంగు చీర కట్టిందో అదీ రాలేదు. పిల్లలు ఈసారి నన్ను చూసి నవ్వారు.

ఆమె పద్ధతి వేరు. ఇంట్లో ఎప్పటిదో పాత కెమెరా ఒకటి తెచ్చింది. ముప్పై ఆరు ఫోటోల రీలు ఒక్కటే. పిల్లకు రెండు రోజులు కెమెరా, రెండే రెండు ఫోటోలు. ఎలా వచ్చిందో చూసుకోవడానికి వెనక తెర ఉండదు. ఏం తీయాలో ముందే ఆలోచించుకోవాలి. రీలంతా అయ్యాక కడిగి, ప్రింట్లు వేసి, బడి వరండాలో అందరికీ చూపించాలి.

నేను చెప్పాల్సింది అరగంటలో అయిపోయేది. అయినా సాయంత్రం దాకా అక్కడే ఉండేవాణ్ని. రెండో శనివారం వాన పట్టుకుంటే అందరం వరండాలో ఇరుక్కుపోయాం. వాన గురించి నేనేదో మాట్లాడుతూనే ఉన్నాను. ఆమె కెమెరా చేతిలో పట్టుకుని చాలాసేపు విని, "మీరు ఫోటోలు తీసినట్టే మాట్లాడుతరు, ఆగకుంట," అంది. అది తిట్టో మెప్పో తెలియక ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఆమె అంటే ఇష్టమని నాకు నేను ఒప్పుకున్నది అప్పుడే. ఫోటోల ప్రదర్శన రోజు ఆమెకు చెప్పేయాలని అనుకున్నాను.

మూడో వారం నుంచి కెమెరా పిల్లల చేతులు మారింది. ఏం తీశారో నా దగ్గరకు పరుగెత్తుకొచ్చి చెప్పేవారు. మమతారాణి ఒక్కతే చెప్పలేదు. ఆమె తండ్రి పర్శరాములు మస్కట్‌లో పనిచేస్తాడు. మూడేళ్ల తర్వాత నెల సెలవు మీద ఇంటికొచ్చాడు. ఆయన తిరిగి విమానం ఎక్కే వారంలోనే మమతారాణి వంతు వచ్చింది. ఎంత అడిగినా, కడిగినంక చూద్దురు గదన్నా అనేది.

ఒక శుక్రవారానికి రీలు పూర్తయింది. పరీక్ష పేపర్లు దిద్దే పని ఉండి, సృజన టీచర్ కెమెరా నాకిచ్చింది. రీలు వెనక్కి చుట్టి, బయటికి తీసి, సోమవారం జాగ్రత్తగా తెచ్చివ్వమంది.

ఆదివారం పొద్దున స్టూడియోలో కూర్చుని, ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని పెళ్లివాళ్లతో మాట్లాడుతున్నాను. ఇంకో చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పదేళ్లుగా కెమెరాలోంచి మెమరీ కార్డు తీసే చెయ్యి అది. రీలు వెనక్కి చుట్టకుండానే మూత తెరిచేసింది. తలుపులోంచి ఎండ నేరుగా రీలు మీద పడుతోంది. టక్కున మూసేశాను గానీ, జరగాల్సింది జరిగిపోయింది. ఎలుతురు తగిలిన రీలు మీద ఇంకేం మిగలదని మా బాపు నా చిన్నప్పుడే చెప్పాడు.

ఫోను పెట్టేశాను. తర్వాత దొంగ బుద్ధి పుట్టింది. పిల్లలు ఏం తీశారో నాకు తెలుసు కదా. బావి దగ్గర మేక, బొగ్గు లారీ, నాయనమ్మ చేతులు. అన్నీ డిజిటల్‌లో మళ్లీ తీసి, నలుపూ తెలుపూ చేసి, పాత రీలు ఫోటోల్లా చేయడం నాకొక పని కాదు. మమతారాణి చెప్పకపోయినా, తండ్రినే తీసుంటుంది, అది మరీ తేలిక. పర్శరాములు వీసా ఫోటో మా కంప్యూటర్లోనే ఉంది. గల్ఫ్‌లో ఉన్న మనిషిని ఇంటి ఫోటోలో నిలబెట్టడం మాకు రోజూ ఉండే పనే. అరగంటలో ఆయన్ను భార్యాబిడ్డల పక్కన నిలబెట్టాను. నీడ కూడా సరిగ్గా కుదిరింది.

దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల తండ్రిని ఎలా చూసిందో నాకు తెలియదు. నేను చేసింది నా ఫోటో, ఆమెది కాదు. కంప్యూటర్లోంచి చెరిపేశాను. సృజన టీచర్ ఇక నా మొహం చూడదని తెలిసే సోమవారం బడికి వెళ్లాను.

ల్యాబులో సీసాలు సర్దుతోంది.

"టీచర్, రీలు ఖరాబైంది. నేనే చేసిన. కార్డు తీసినట్టు మూత తెరిచిన."

ఆమె చేతిలో సీసా కింద పెట్టింది. "పిల్లలకు మీరే చెప్పుండ్రి," అంది.

చెప్పాను. ఇద్దరు ముగ్గురు తల దించుకున్నారు. మమతారాణి ఏడవలేదు. ఏం తీశావు బిడ్డా అని అడిగాను.

"బాపు నిద్రపోతుండంగ తీసిన. ఫోన్ల ఎప్పుడు చూసినా మాట్లాడుతనే ఉంటడు గదన్నా. నిద్రపోవుడు నేనెన్నడు చూడలే."

సృజన టీచర్ మమతారాణి భుజం మీద చెయ్యేసి, అయినా రీలు కడుగుదాం, ఎలుతురు ఏం చేస్తుందో అందరూ చూడండి అంది. తలుపులు మూసిన గదిలో చీకట్లో రీలును డబ్బాలోకి ఎక్కించి తెచ్చింది. మందులు పోయడం, పారబోయడం పిల్లలే చేశారు. చివరికి తీసి కిటికీ దగ్గర వేలాడదీస్తే, దాదాపు అంతా నల్లగా మాడినట్టు ఉంది. మొదట తీసినవి లోపలి చుట్లలో ఉండటం వల్ల ఆరు మాత్రం మిగిలాయి. మమతారాణివి వాటిలో లేవు.

నలుపు తెల్లగా, తెలుపు నల్లగా కనిపించే ఆ మిగిలిన ముక్కకు హనుమండ్లు అనే పిల్లవాడు కళ్లు ఆనించి చూశాడు.

"టీచర్, గీడ తెల్ల వెంట్రుకలు, నల్ల పండ్లేసుకొని సాగరన్న ఉన్నడు."

పిల్లలంతా ఎగబడ్డారు. ఆరింటిలోనూ నేనే. చేతులూపుతూ వాదిస్తూ, బుర్ర గోక్కుంటూ, వాన చూస్తూ, నవ్వుతూ. మనిషికి రెండే అని మాకు చెప్పి మీరు ఆరు తీసుకున్నారేమని హనుమండ్లు నిలదీశాడు. సృజన టీచర్ చెవుల దాకా ఎర్రబడి, అందర్నీ ఆటలకు తరిమేసింది. మమతారాణి కూడా నవ్వుతూనే వెళ్లింది. అది చూశాక నాకు కొంచెం ఊపిరాడింది.

"కెమెరా పనిచేస్తదో లేదో చూసిన," అంది టీచర్, నా వైపు తిరగకుండా.

"ఆరు సార్లా?"

"మొదటిసారి చూసిన. కడ్మ అయిదు ఊకెనే తీసిన."

ఆ మాట విన్నాక దాచుకోబుద్ధి కాలేదు. దొంగ ఫోటోలు చేద్దామనుకున్న సంగతి, పర్శరాములును నిలబెట్టిన సంగతి మొత్తం చెప్పేశాను. ఆమె తడి రీలును చూస్తూ వింది.

"తెస్తే నమ్ముతుంటినేమో," అంది నెమ్మదిగా. "తర్వాత నా ఆరు ఏవని అడుగుతుంటి. అప్పుడు మీరేం చెప్తుంటిరి?"

దొంగ ఫోటోలు తెచ్చుంటే, ఆ ఆరింటిలో ఉన్నది నేనేనని నాకు జన్మలో తెలిసేది కాదు; అది తలచుకుంటే ఇప్పుడు భయం వేసింది.

"నాకు మీరంటే ఇష్టం," అన్నాను. "ప్రదర్శన నాడు చెబ్దామనుకున్న. ప్రదర్శనే లేకుంట చేసుకున్న."

"నా కోపం ఇంక పోలే."

"పోవద్దు. పిల్లలకు కొత్త రీలు తెస్త. ఈసారి కెమెరా ముట్ట."

"రెండు తేవాలె. ఒకటి మమతారాణికి. వాళ్ల బాపు వచ్చినప్పుడు రీలంతా ఆమెనే తీసుకుంటది. ఆ రీలు కోసం అందాక మనం ఆగాలె."

"ఆయన మళ్ల రెండేండ్లకు గాని రాడు. అన్నిటికీ అందాక ఆగాల్నా?"

ఆమె అప్పుడు నా వైపు తిరిగి, ఆపుకోలేక నవ్వింది.

"ఆగేది ఫోటోలకే. మా అవ్వబాపును అడగనీకి ఈ ఆదివారం రాండ్రి."