ట్యూబాకి చింతపండు

“ఏమండీ, దొర్లించకండి! అది లారీ టైరు కాదు!”

ఆ కేకకి కోదండం ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకున్నాడు. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో కార్ల సొట్టలు తీసే షెడ్డు అతనిది. ట్యాక్సీలోంచి దింపిన ఆ చిలుము పట్టిన ఇత్తడి వస్తువు అతని నడుం దాకా ఉంది.

“టైరు కాదు, సరే. మరేటండీ ఇది?”

“ట్యూబా. బ్యాండులో అన్నిటికన్నా లావు గొంతు దీనిదే. ఎనభై ఏళ్ళది, వేలంలో కొన్నాను.” ట్యాక్సీ దిగిన అమ్మాయి వానకి తడిసిన జుట్టు వెనక్కి నెట్టుకుంది. “ఊదడం నాకొచ్చు. సొట్టలు తీసేవాళ్ళే దొరకలేదు. మీరు కారు డోరుని అద్దంలా చేస్తారట కదా?”

ఆ కళ్ళతో అడిగితే డాక్‌లో ఉన్న ఓడనైనా బాగు చేస్తానని ఒప్పుకునేవాడు కోదండం.

ఆమె పేరు జ్ఞానప్రసూన, బ్యాంకు ఆఫీసరు గారి అమ్మాయి. ఊదడం ఇక్కడే స్కూలు బ్యాండులో నేర్చుకుంది. కొత్తగా పెడుతున్న ఆడపిల్లల బ్యాండులో ఉద్యోగానికి శనివారం ఆడిషన్. వాళ్ళ నాన్నగారికేమో భోపాల్ ట్రాన్స్‌ఫర్ అయింది. ఎంపికైతే కలకత్తాలో ఉంటుంది, కాకపోతే వాళ్ళతో పాటు రైలెక్కాలి.

అది విన్న దగ్గర్నుంచి కోదండానికి అన్నం సయించలేదు.

ఆమె రోజూ సాయంత్రం వచ్చేది. అతను గొట్టం లోపల ఇనుప గుండు పెట్టి, పైనుంచి కొయ్య సుత్తితో తడుతుంటే పక్కనే కూర్చుని కంగారు పెట్టేది.

“మెల్లగా! దానికి నొప్పెడుతుంది.”

“మీరలగ సూస్తంటే నా సెయ్యి వొణికిపోతందండీ.”

“అయితే కళ్ళు మూసుకోనా?”

“వొద్దొద్దు!” అనేసి నాలిక్కరుచుకున్నాడు. ఆమె మొహం అటు తిప్పుకుని నవ్వింది.

గురువారానికి సొట్టలన్నీ పోయాయి. స్వరం మార్చడానికి మీటలతో నొక్కే మూడు పిస్టన్లూ చక్కగా ఆడుతున్నాయి. రేపొచ్చి తీసుకెళ్తానని ఆమె వెళ్ళిపోయింది.

అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ ఆ చిలుము చూస్తే అతని మనసొప్పలేదు. వాళ్ళమ్మ దాలమ్మ పండగ ముందు ఇత్తడి బిందెలు తోమడం చిన్నప్పటి నుంచీ చూసినవాడాయె! శుక్రవారం పొద్దున్నే అరకిలో చింతపండు నానబెట్టి, పిస్టన్లైనా విప్పకుండా, ట్యూబాని ఆ మూల నుంచి ఈ మూల దాకా తోమేశాడు. బంగారంలా మెరిసింది. పొంగిపోయి మీటలు నొక్కి చూశాడు.

మధ్య పిస్టన్ కదల్లేదు.

పులుసు లోపలికి దిగి పట్టేసింది. సుత్తితో కొడితే వంగిపోతుంది. పోనీ, ఏమీ ఎరగనట్టు చేతిలో పెట్టేస్తే? ఆ మెరుపు చూసి మురిసిపోతూ తీసుకెళ్తుంది, రేపు అందరి ముందూ నొక్కుతుంది. చెబితే ఇక తన మొహం చూడదు. చెప్పకపోతే భోపాల్. మూడుసార్లు ఫోన్ తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నాలుగోసారి నంబరు నొక్కేశాడు.

“పాడు సేసేసినానండీ. సింతపండెట్టి తోమినాను.”

“చింతపండా! అది ట్యూబా అనుకున్నారా, పులిహోర అనుకున్నారా?”

అరగంటలో వచ్చి వాలింది. తెలుగులో తిట్టింది, చాలక బెంగాలీలో అందుకుంది. కోదండం తలొంచుకుని అన్నీ పడ్డాడు. తిట్లయ్యాక ఇద్దరూ కూర్చుని, బిగుసుకున్న చోట కిరసనాయిలు పోస్తూ, నానబెడుతూ, వెంట్రుకవాసి చొప్పున కదిపారు. వాన రేకుల మీద దరువేస్తూనే ఉంది. సాయంత్రం నాలుగింటికి పిస్టన్ టక్కున పైకి లేచింది. రేపు మళ్ళీ పట్టేయదని మాత్రం ఇద్దరికీ నమ్మకం లేదు.

శనివారం హాలు బయట కోదండం నిలబడలేక, కూర్చోలేక సతమతమైపోయాడు. లోపల ట్యూబా మోగుతున్నంతసేపూ, ఎక్కడాగుతుందోనని తలుపుకి చెవి ఆనించి విన్నాడు. ఎక్కడా ఆగలేదు. చాలాసేపటికి ఆమె బయటికొచ్చింది.

“ఏటైందండీ?”

“తీసుకున్నారు. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు.”

కోదండం గోడకి చేరగిలబడిపోయాడు. ఏడుపో నవ్వో అతనికే తెలియలేదు.

“ఒకటడుగుతాను,” అంది ప్రసూన. “చెప్పకుండా ఇచ్చేసినా, పాతది కదా, దానంతటదే బిగుసుకుందనుకునేదాన్ని. ఎందుకు చెప్పారు?”

“మీరు భోపాలెల్లిపోతారని బయమేసిందండీ. మీరంటే నాకిష్టం. తిట్టండి, పర్లేదు.”

ఆమె తిట్టలేదు.

“మొన్న సొట్టలన్నీ పోయాయని మీరు సంబరపడుతుంటే నాకు ఏడుపొచ్చింది, తెలుసా? ఇక మీదట ఏం చెప్పి ఖిదిర్‌పూర్ రావాలో తెలియలేదు.”

కోదండం ముందుకొచ్చి ట్యూబాని తన భుజానికెత్తుకున్నాడు.

“ఏటీ సెప్పక్కర్లేదండీ,” అన్నాడు. “ఊరికే రండి.”