ఎడమచేతి కెరటం

పగడం సగం తెల్లబడిపోయింది. అద్దాల తొట్టిలో పంపుకి ఎదురుగా ఉన్న వైపంతా పైపొర ఊడి, లోపలి గట్టి భాగం బయటపడింది. కాసులమ్మ మాత్రం పంపు కట్టేయలేదు. సముద్రంలో పుట్టినదానికి సముద్రమంత జోరు కావాలని ఆమె గట్టి నమ్మకం.

"పుట్టి బుద్దెరిగాక సముద్రం పక్కనే బతికినదాన్ని. నీళ్ళ జోరు గురించి మీరు సెప్పాలేటి డాక్టరమ్మా?" అంది.

పగడాల కేంద్రం నుంచి తొట్టెలు చూడ్డానికి వచ్చిన డాక్టర్ హైమ మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి తొంగిచూసింది. "జోరు మీకు తెలుసు, కాదనను. కానీ సముద్రంలో ఏ కెరటమైనా రోజంతా ఒకేచోట గుద్దుతుందా కాసులమ్మగారూ?"

కాసులమ్మ చెయ్యి చాచి పంపు కట్టేసింది. చేపలు కడిగే అలవాటు కొద్దీ ధార తిన్నగా దాని మీదకే పెట్టేసింది మరి.

ఇది 2071 నాటి భీమిలి. వేడెక్కిన నీళ్ళలో పగడాలు చచ్చిపోయాయి, వాటి నీడన బతికే చేపలు వలస పోయాయి, బోట్లు ఇసుకెక్కాయి. పగడాల కేంద్రం ఒక షరతు పెట్టింది. బోటున్న ప్రతి ఇల్లూ ఒక పగడం ముక్కను ఆరునెలలు పెంచాలి. ఆ తర్వాత పరీక్ష తొట్టిలో పన్నెండు గంటల తుఫానుకి అది నిలబడాలి. నిలబడితే పగడాన్ని సముద్రంలో నాటతారు, బోటుకి పర్మిట్ ఇస్తారు, లేకపోతే లేదు. కాసులమ్మ మొగుడు ఎల్లాజీ మూడేళ్ళుగా ఒక గోడౌన్ దగ్గర కాపలా కాస్తున్నాడు. సముద్రం వైపు చూడటమే మానేశాడు. ఎలాగైనా ఆ మనిషిని మళ్ళీ బోటెక్కించి తీరాలనుకుంది.

హైమ ఓపిగ్గా చెప్పింది. పగడం రాయి కాదు, వేలాది చిన్న చిన్న నోళ్ళు. తిండి వెతుక్కుంటూ పోలేవు కాబట్టి నీళ్ళే తెచ్చిపెట్టాలి, నీళ్ళే చెత్త మోసుకుపోవాలి. ప్రవాహం చాలకపోతే చెత్త పేరుకుని కుళ్ళుతుంది. ఎక్కువైతే ఇదిగో, ఇలా ఊడుతుంది. వంద లీటర్ల తొట్టిలో నీళ్ళు గంటకి ఇరవైసార్లు తిరిగితే మొదలెట్టేవాళ్ళకి సరిపోతుంది. అంటే రెండు వేల లీటర్లు. కాసులమ్మ పెట్టింది ఎనిమిది వేల లీటర్ల పంపు.

"అదీ ఒకటి కాదు, వెయ్యేసి లీటర్లవి రెండు పెట్టండి. ఎదురెదురుగా. రెండు ధారలూ గుద్దుకుని చెదిరిపోవాలి. పగడం ఊగాలి గానీ వంగకూడదు. అడుగున ఇసుక లేవకూడదు."

వెళ్ళేముందు సంచీలోంచి గుండీ అంత సెన్సర్ తీసి అద్దానికి అంటించింది. అది హైమ కనిపెట్టిందే. పగడం నోళ్ళు విచ్చుకున్నాయా, ముడుచుకున్నాయా అని క్షణక్షణం చూసి, దానికి ఏ ప్రవాహం హాయిగా ఉంటే పంపుల్ని అలా నడిపిస్తుంది. వాడలో నలభై ఇళ్ళకీ ఇచ్చారు. అందరూ మురిసిపోయారు. చెయ్యి పెట్టే పనే లేదు.

నెల తిరిగేసరికి కాసులమ్మకి అనుమానం వచ్చింది. నీళ్ళు కాస్త బలంగా తగిలితే పగడం ముడుచుకునేది, వెంటనే యంత్రం పంపుల్ని తగ్గించేది. మర్నాడు అంతకన్నా చిన్న ధారకే ముడుచుకునేది, యంత్రం ఇంకా తగ్గించేది. ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే పిల్లాడికి నడకెప్పుడొస్తుంది? పగడం వెనక మూల చెత్త కూడా చేరింది. ఆమె ఆ గుండీని పీకి షెల్ఫులో పడేసింది.

ఇప్పుడు పంపుల్ని తిప్పేదెవరు? తనే. చేపల బల్ల ఇంటి ముందే ఉంది. లారీలో వచ్చిన చెరువు చేపలు అమ్ముకుంటూ బతుకుతోంది. తొట్టిని వరండాలోకి జరిపించి, పంపుల రెగ్యులేటర్ తన ఎడమచేతి కిందికి తెచ్చుకుంది. కుడిచేత్తో తూకం, ఎడమచేత్తో కెరటం. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కదలకుండా కూర్చునేది. చంకలో పుండు లేచినా, పక్కవాళ్ళు పిచ్చిదన్నా వదల్లేదు.

ఊడిన చోట కొత్త పొర పాకింది. ఆరునెలలు నిండాక పరీక్ష జరిగింది. యంత్రం పెంచిన ముప్పై తొమ్మిది పగడాల్లో ఒక్కటీ రెండో గంట దాటలేదు. కాసులమ్మది పన్నెండు గంటలూ నిలబడింది.

హైమ ముఖం పాలిపోయింది. ఆమె నిజాయితీ ఉన్న మనిషి. మర్నాడే వచ్చి, రెగ్యులేటర్ మెమొరీలో ఉన్న ఇన్నాళ్ళ రికార్డు తెరమీద పెట్టి చూసింది. గీత ఉన్నట్టుండి లేచేది, ఊగేది, ఠక్కున పడిపోయేది, మళ్ళీ లేచేది. ఒక రోజులా ఇంకో రోజు లేదు.

"దేన్ని చూసి తిప్పారండీ ఇలా?"

"ఏమో, సెయ్యి తిరిగింది, అంతే."

అప్పుడే ఒకావిడ వచ్చి బొచ్చె చేప ఎంతని అడిగింది. ధర చెప్పగానే సగానికి అడిగింది. కాసులమ్మ గొంతు లేచింది, దాంతోపాటు ఎడమచెయ్యీ తిరిగింది. ఆవిడ నాలుగడుగులు వెళ్ళిపోతే చెయ్యి సడలింది. వెనక్కి తిరగ్గానే మళ్ళీ బిగిసింది. హైమకి అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆ పగడాన్ని పెంచింది బేరాలు.

"ఈ రికార్డు ఇస్తారా? అందరి పంపుల్లో పెడతాను. మీరొద్దంటే పెట్టను."

వాడలో తన బోటు ఒక్కటే దిగుతుందని కాసులమ్మకి తెలుసు. కానీ పక్కింటి మగాళ్ళు కూడా గోడౌన్ల దగ్గరే ఉన్నారు. "పట్టుకుపోండి," అంది.

ఎల్లాజీ బోటు సముద్రంలో దిగిన రోజు ఆమె నడుంలోతు నీళ్ళదాకా వెళ్ళి ఏడ్చింది. మరో ఆరునెలలకి వాడంతా పాసైంది. ఏడాదికి తీరమంతా పాసైంది. వేల బోట్లు ఒకేసారి సముద్రం మీద పడేసరికి చేపల మీద అదుపు లేకపోతే మళ్ళీ మొదటికొస్తుందని కేంద్రం కొత్త షరతు పెట్టింది. పట్టిన ప్రతి చేపా లెక్కలోకి రావాలి కాబట్టి పర్మిట్ బోటు చేపల్ని యంత్రమే తూస్తుంది, యంత్రమే ధర వేస్తుంది. ఎవరికైనా ఒకటే రేటు. బేరం ఆడితే పర్మిట్ రద్దు.

తర్వాత హైమ వచ్చేసరికి బల్ల దగ్గర జనం బాగానే ఉన్నారు. మీట నొక్కుతున్నారు, చేప తీసుకుని పోతున్నారు. ఎవరూ నోరు విప్పడం లేదు. కాసులమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కొత్త పగడం ముక్క ఉన్న తొట్టి పక్కన కూర్చుని ఉంది. అందులో పంపులు ఆమె పాత రికార్డు ప్రకారం వాటంతటవే ఉరకలేస్తున్నాయి.

"ఎలా ఉన్నారు?" అంది హైమ, తప్పు చేసినదానిలా.

"ఉష్, ఇనండి. ఇది మాఘమాసంలో శీలావతి సేప బేరం. రైల్వే కోటర్సు పంతులమ్మ. ఎంత గడుసుదనుకున్నారు."

పంపుల జోరు పెరిగింది. నీళ్ళు అద్దాన్ని కొట్టాయి. ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఏమైంది? కొందా?"

"ఎలిపోయింది." కాసులమ్మ తొట్టి మీంచి చూపు తిప్పలేదు. "ఉండండి, సందు మలుపు దాకా పోయి మళ్ళీ ఒస్తాది."

ఇద్దరూ ఎదురుచూశారు.