రెండు గంటల మాత్ర

"పిచ్చుకా! ఏయ్ పిచ్చుకా, రెండయిందే!"

అక్క గదిలోంచి కేక. నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. కిటికీలోంచి ఎండ మోచేతుల మీద పడి హాయిగా ఉంది. "వస్తున్నానక్కా" అని చేతులు తుడుచుకుని మాత్రల సీసా అందుకున్నాను. గ్లాసులో నీళ్ళు కూడా పోశాను.

అప్పుడు గుర్తొచ్చింది. అక్క పోయి నాలుగు రోజులయింది.

గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ప్రేమగా పిలిచినవాళ్ళ గొంతు గోడల్లో కొన్నాళ్ళు ఉండిపోతుందేమో అనుకున్నాను. నాకలాంటి ఊహలెక్కువ. కానీ వాసన కూడా వస్తోంది. మందు మొదలుపెట్టాక అక్క ఒంటికి పట్టుకున్న వాసన, తడిసిన ఇనుములాంటిది. దుప్పట్లు ఉతికేశాం. గది కడిగేశాం. అయినా...

అది ఇంకా పేరు కూడా పెట్టని మందు. సీసా మీద అంకెలే ఉంటాయి. జుట్టు రాలగొట్టిన మందులన్నీ చేతులెత్తేశాక, కొత్తదొకటి ప్రయోగంలో ఉంది, ఒప్పుకుంటావా అని డాక్టరు అడిగితే అక్క సంతకం పెట్టింది. మందుతో పాటు ఆరు నెలలకి ఆరు పుస్తకాలిచ్చారు. రోజుకో పేజీ. మాత్ర వేసుకుందా, నొప్పి పదికి ఎంత.

"రోజూ అడిగి రాయాలమ్మా. ముందే రాసి పెట్టకూడదు" అని నర్సు నాకు రెండుసార్లు చెప్పింది.

"దీని కోడిగీతలు మీరు చదివేలోపు నా రోగం దానంతటదే పోతుంది సిస్టర్" అని అక్క నవ్వింది.

నిజంగానే తగ్గింది. ఎనిమిదిలో ఉన్న నొప్పి పది రోజుల్లో మూడుకి దిగింది. అక్క గోడ పట్టుకోకుండా నడిచింది. అన్నం మళ్ళీ పెట్టించుకుంది. అమ్మ తలుపు చాటుకెళ్ళి ఏడ్చింది, సంతోషంతో.

నాకు మాత్రం అప్పుడు ఫోటో స్టూడియో అతను తప్ప లోకంలో ఇంకేం కనబడేది కాదు. అతనికి ఖాళీ దొరికేది రెండు గంటలకే. అక్క మాత్రా రెండు గంటలకే. అమ్మ మాత్ర ఇవ్వగలదు గానీ ఆమెకి రాయడం రాదు. అందుకని ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ నెల మిగిలిన పేజీలన్నీ ఒక్కసారే నింపేశాను. అన్నీ మూడని రాస్తే దొరికిపోతానని ఆరుతో మొదలుపెట్టి, ఏడు, ఎనిమిది, నెలాఖరుకి తొమ్మిది, పది... నవలల్లో బాధ అలాగే కదా పెరుగుతుంది.

మర్నాడు అక్క "ఇవాళ ఆరు పిచ్చుకా, ఎందుకో" అంది. ఆ తర్వాత ఏడు. ఎనిమిదన్న రోజున పోయింది. నేనేం అనుకోలేదు. ఏడ్చానంతే.

కేక విన్న మర్నాడు, రెండు కాకముందే బయటికి పోయాను. మూడింటికి వచ్చేసరికి అమ్మ అక్క గదిలో కూర్చుని ఉంది. ఖాళీ మంచం మీదికి వంగి విసనకర్రతో విసురుతోంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ష్... ఇప్పుడే కాస్త కునుకు పట్టింది."

"ఎవరికి?"

అమ్మ నా వైపు తిరగలేదు. "తొమ్మిదంటోందే ఇవాళ. పోయాకైనా తగ్గాలి కదే నొప్పి? దీనికేంటే ఇలా?"

అలమర దగ్గరికి వెళ్ళి పుస్తకం తెరిచాను. ఆ రోజు తేదీ. నా కోడిగీత.

తొమ్మిది.

పుస్తకాలన్నీ పెరట్లోకి తీసుకెళ్ళి కాల్చేశాను. ఒక్క ముక్క మిగలకుండా. బూడిద మీద నీళ్ళు కూడా పోశాను.

మర్నాడు రెండయింది. ఇల్లంతా ఎండ. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"పిచ్చుకా..."

ఈసారి కేక కాదు. పళ్ళ బిగువున వచ్చిన మాట. సీసా చూశాను. నిన్నటికంటే ఒక మాత్ర తక్కువ. అమ్మని అడిగితే, "నేనివ్వలేదే. అదే వేసుకుంటోంది" అంది.

గుమ్మం దగ్గరే ఆగిపోయాను. దిండు మధ్యలో గుంట పడి ఉంది. దుప్పటి... ఎవరో గుప్పిట్లో పట్టి లాగుతున్నట్టు ఒకచోట మడతలు పడుతోంది. వదులుతోంది. మళ్ళీ పడుతోంది. ఇనుము వాసన. అమ్మ ఆ మడతల మీద చెయ్యేసి నిమురుతోంది.

"పదట" అంది అమ్మ. "ఇంక తన వల్ల కాదంటోంది, ఇంకా ఎన్నాళ్ళో అడగమంటోంది."

"న... నన్నా?"

"నీకే తెలుసంటోంది."

దుప్పటి కదలడం ఆగింది. వింటోంది.

పైకే చెప్పాను.

"నేనే రాశానమ్మా. అక్కని అడక్కుండానే. ఆ ఒక్క నెలే కాదు... ఇంకెప్పుడూ కూర్చోనక్కర్లేకుండా ఆ మధ్యాహ్నమే మిగతా పుస్తకాలు కూడా. అన్నిట్లోనూ పదే. కాలిస్తే పోలేదు. కానీ నేను రాసింది ఐదు పుస్తకాలే అమ్మా. ఆరోది తెరిచేసరికి చివరి పేజీ దాకా నిండి ఉంది. సిరా ఇంకా తడిగానే ఉంది. అది ఎవరి చేతిరాతో, ఏ అంకెలో కూడా చూడలేదు... నాకు పని తప్పిందని సంతోషపడ్డాను."