పడమటి మడి చుక్క

“ఈ పూట ఎండగీత ఎవరిదర్రా?” అని అడిగింది వకుళ టీచరు.

ఎస్తేరు లేచి, గాలిలో వెలిగే గాలిపలక ముందు నిలబడింది. ఉప్పుమడుల్లో పాతిన వేడికొయ్యలు ఎండనూ ఉక్కనూ చుక్కలుగా పంపుతాయి. వాటిని గీతగా కలిపి నమూనా కట్టడం ఎనిమిదో తరగతి పాఠం. ఆ నమూనా ప్రకారమే, కూలీలు నీడకు పోవాల్సినప్పుడు మడుల్లో సైరన్ మోగుతుంది. పిల్లల పాఠం ఊరికి అక్కరకొస్తోందని వకుళకు కాలు నేల మీద నిలవని గర్వం.

గీత నునుపుగా సాగింది. ఒక్క చుక్క మాత్రం బాగా ఎత్తున నిలిచిపోయింది. ఎస్తేరు తడుముకోకుండా దాన్ని వేలితో నల్లగా అద్దింది. నల్లబడిన చుక్కను నమూనా లెక్కలోకి తీసుకోదు.

“దిష్టిచుక్క!” అని తరగతంతా నవ్వింది.

ఆ పేరు వకుళ పెట్టిందే. కొయ్యలు అప్పుడప్పుడూ పిచ్చి అంకెలు పంపుతాయి, చక్కని గీతకు ఓ దిష్టిచుక్క తప్పదు, నల్లగా అద్దేయండని ముద్దుముద్దుగా నేర్పింది.

వకుళ నవ్వుతూనే ఆ చుక్క ఎక్కడిదో చూసింది. పడమటి మడిది. ఎందుకో నిన్నటి గీత తెరిచింది. అక్కడా నల్లచుక్క పడమటి మడిదే. మొన్నా అదే. రోజుకో పిల్ల గీస్తుంది కనుక ఎవరికీ అనుమానం రాలేదు. పిచ్చి అంకె అయితే రోజూ ఒకే చోట, రోజురోజుకూ పైకెలా ఎక్కుతుంది?

గబగబా వెళ్లి నలుపు తుడిచింది. గీత ఒక్కసారిగా లేచి ఎర్రబడింది. సైరన్ మోగింది. కిటికీలోంచి చూస్తే కూలీలు నీడపాకల వైపు పరుగెడుతున్నారు. పడమటి మడి నుంచి మాత్రం ఎవరూ రాలేదు. గట్టు మీద కొందరు పడి ఉన్నారు.

“అయ్యో, అక్కడ పనిచేసేది ఎవరే?”

“మా అమ్మోళ్లు, టీచర్,” అంది ఎస్తేరు.

వకుళ అంబులెన్సుకు కబురు పెట్టి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి పరుగెత్తింది. మెట్ల మీద ఎస్తేరు కాళ్లు ఆగిపోయాయి. కళ్లలో నీళ్లు లేవు.

“ఆ మడిలో ఉడికిపోతన్నామే, ఇయ్యాల పోనంది మా అమ్మ, టీచర్. నిన్నటి గీత బాగానే ఉందిగా, నీకేం తెలీదు పొమ్మన్నా.”

“మరి అమ్మేమంది?”

“సదూకునేదానివి, నీకు తెలిసినంత నాకేం తెలుసులే అని పోయింది.”